ఎవరి తాలూకు?

మతిమరుపు నాకు పుట్టింటి నించి వచ్చిన ఆస్తి కాదు. అచ్చంగా నా స్వార్జితం. మా అమ్మకి ఏ పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో ముప్ఫై ఏళ్ళ తరవాత కూడా గుర్తే. నేనేమో సీరియల్ ఏడో వారంలో చంపేసిన మేనత్త చేత పదిహేనో వారంలో కాఫీ పెట్టించిన రచయిత్రిని! ఆ కాఫీ గురించి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఒకావిడైతే, "పోయినావిడ లేచొచ్చి మరీ పెట్టిందంటే మంచి కాఫీయే అయి ఉంటుంది, ఏ పొడి వాడారో కూడా రాయండి" అని అడిగింది.

అప్పట్నించీ బుద్ధి తెచ్చుకుని నోటు పుస్తకాలు పెట్టాను. బస్సులో విన్న మాట, పేరంటంలో విన్న గొడవ, మా అమ్మ నోట వచ్చిన సామెత — ఏదొస్తే అది రాసి పెట్టుకోవడమే. రాసేదాన్ని గానీ మళ్ళీ తిరగేసేదాన్ని కాదు లెండి. అలా ఇరవై రెండు పుస్తకాలు ట్రంకు పెట్టెలో చేరాయి. అందులో ఆఖరి ఆరూ ఒక్క నవల కోసమే. మా పుట్టింటి మండువా లోగిలి మీద ఎప్పటికైనా ఒక మంచి నవల రాయాలని పదకొండేళ్ళుగా పోగుచేసుకున్న సరుకది.

2024 సెప్టెంబరు 1 ఆదివారం పొద్దున్న మా వీధిలోకి బుడమేరు వచ్చింది.

బెజవాడ బయట ఉన్నవాళ్ళకి బుడమేరంటే తెలియకపోవచ్చు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే చిన్న ఏరు. మామూలు రోజుల్లో దాన్ని చూస్తే ఏరనుకోరు, ఎవరో మరిచిపోయిన గుంట అనుకుంటారు. పెద్దవాళ్ళు మాత్రం దానికి 'బెజవాడ దుఃఖదాయిని' అని ఎప్పుడో పేరు పెట్టారు. మేము సింగ్ నగర్లో కింది వాటాలో ఉంటాం. చూస్తూండగానే నీళ్ళు మొదటి మెట్టు, రెండో మెట్టు, గుమ్మం. ఉన్నపళంగా పై వాటా వాళ్ళింట్లోకి చేరాం. మా వారు గ్యాసు సిలిండరు మోశారు. మా అమ్మాయి సర్టిఫికెట్లూ బియ్యం డబ్బా తెచ్చింది. నేను అత్తగారి ఫోటో, అందులోంచి తీసిన దండతో సహా పట్టుకొచ్చాను. దండ ఎందుకు తెచ్చానో ఈనాటికీ నాకు తెలీదు. ట్రంకు పెట్టె మంచం కిందే ఉండిపోయింది.

ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పారిందని చెప్పుకున్నారు. అంత నీరు ఆ బ్యారేజీ ఎన్నడూ చూడలేదట. మాకు లెక్కలు పట్టలేదు. మేడ మీంచి చూస్తే కాలనీ అంతా ఒక్కటే నీరు, మధ్యన పడవలు.

నీళ్ళు తీసి బురద ఎత్తిపోశాక పెట్టె తెరిచాను. బాల్ పెన్నుతో రాసినవి అట్టల్లా అతుక్కుపోయాయి. ఇంకు పెన్నుతో రాసినవైతే మరీ అన్యాయం. కాయితాలన్నీ లేత నీలం రంగుకి తిరిగి, ఒక్క అక్షరం లేకుండా మిగిలాయి. దండెం మీద ఆరేసి చూశాను. పిచ్చి కాకపోతే, ఆరితే అక్షరాలు తిరిగొస్తాయా?

మా అమ్మాయి విజయవాడలోనే, 2008లో వచ్చిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చదువుతోంది. ఐదేళ్ళ చదువు. ఇల్లు కట్టడం నేర్పుతారు కాబోలనుకున్నాను గానీ, ముందు ఇల్లు చూడ్డం నేర్పుతారట. ఎక్కడికెళ్ళినా టేపు తీసి మెట్టు ఎత్తెంత, గుమ్మం వెడల్పెంత అని కొలిచి బొమ్మ గీసుకుంటుంది. చుట్టాలింటికెళ్ళినా ఇదే పని. అలా గీసుకున్న రెండు స్కెచ్ పుస్తకాలు ఆ నీళ్ళలో పోయాయి. నేను ఏడ్చాను. అది ఏడవలేదు. "అమ్మా, ఇకమీదట నా నోట్సు తడవదు, చూడు" అంది.

ఆ పూటే కంప్యూటరు ముందేసుకుని కూచుంది. ఆబ్సిడియన్ అని ఒక సాఫ్ట్‌వేరు ఉందట, 2020లో వచ్చిందట. ఆబ్సిడియనంటే లావా చల్లారి గాజులా గట్టిపడ్డ నల్లరాయి. సొంతానికి వాడుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. మనం రాసిందంతా మన కంప్యూటరులోనే మామూలు టెక్స్టు ఫైళ్ళుగా ఉంటుంది. రేపు ఆ సాఫ్ట్‌వేరే లేకుండా పోయినా ఫైళ్ళు ఎందులోనైనా తెరుచుకుంటాయి.

"అదేమంత గొప్ప?" అన్నాను.

"నీ మొదటి నవల సీడీ తెరిచి చూడు, తెలుస్తుంది" అంది. తెరిచాం. పాత డీటీపీ ఫాంటులో కొట్టించిన నవల. ఆ ఫాంటు మా కంప్యూటరులో లేదు. నా కథానాయిక మూడు వందల పేజీల పొడుగునా ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, డాలరు గుర్తులూ అయి కూచుంది. నీళ్ళు తగలకుండానే మునిగిపోయిన పుస్తకం అది! నేనింకేం మాట్లాడలేదు.

మరో సంగతి కూడా చూపించింది. రాసేటప్పుడు ఏదైనా మాటకి అటూ ఇటూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే, ఆ మాట మరో కాయితానికి గుమ్మం అయిపోతుంది. నొక్కితే అందులోకి వెళ్తాం. అవతలి కాయితం అడుగున, దాన్ని ఏయే కాయితాలు తలుచుకున్నాయో జాబితా కనిపిస్తుంది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మనం అనుకోవడమే గానీ ఎవరో తెలీదు. దానికి పేర్లతో సహా తెలుస్తుందన్నమాట.

మూడు నెలలు గడిచాయి. మా అమ్మాయి ఇరవై ఫోల్డర్లు కట్టింది. వాటికి రంగులేసింది. తలుపులకో నమూనా, కిటికీలకో నమూనా, మెట్లకో నమూనా కాయితం తయారు చేసింది. తెర మీద నక్షత్రాల్లా చుక్కలు మెరిసే పటం కూడా చూపించి మురిసిపోయింది.

"బావుందే. లోపల ఏముంది?"

"ఇంకా ఏం లేదమ్మా. ముందు సిస్టం తయారవ్వాలిగా!"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! పైకి అనలేదు గానీ, నా మొహంలో కనిపించే ఉంటుంది. మర్నాటి నించీ అది రెండో తప్పులో పడింది. కనిపించిందల్లా దాచడం. ఫోటోలు, స్క్రీన్‌షాట్లు, ఎవరెవరి వ్యాసాలో. నెల తిరిగేసరికి పధ్నాలుగు వందలు. "అందులో నువ్వు చదివినవెన్ని?" అనడిగితే గోళ్ళు చూసుకుంది. నేనూ ఎక్కువ మాట్లాడలేకపోయాను. వంటింటి తలుపు వెనక ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన క్యారీ బ్యాగుల మూట నావైపే చూస్తోంది మరి.

దారి చూపించింది మా అమ్మ. చూపించానని ఆవిడకి తెలియదు, అది వేరే సంగతి.

సంక్రాంతికి మా ఊరు వెళ్ళాం. చల్లపల్లికి ఇవతల, పంట కాలవ గట్టు మీద ఊరు. వీధి అరుగు మీద అమ్మ కూచునుంది. కాలవ గట్టంట ఎవరో కొత్త కోడలు బిందెతో వెళ్తోంది.

"ఎవరి తాలూకమ్మా?" అంది అమ్మ.

ఆ పిల్ల ఆగి భర్త పేరు చెప్పింది. అమ్మకి అందలేదు. మామగారి పేరు చెప్పింది. "ఆఁ! రేవు దగ్గర పెంకుటింటి వాళ్ళ కోడలివా? మీ అత్తగారి చెల్లెలిని గుడివాడ ఇచ్చారు కదూ? ఆవిడ తోటికోడలూ నేనూ ఒక బళ్ళో చదువుకున్నాం. అయితే నువ్వు నాకు కోడలి వరసే. ఒకసారి లోపలికి రా, అరిసెలు తీసికెళుదువుగాని" అంది. మూడు ప్రశ్నలు, మూడు నిమిషాలు. ఊరూ పేరూ తెలీని పిల్ల అరిసెల పొట్లంతో వెళ్ళింది.

మా అమ్మాయి అంతా గుడ్లప్పగించి చూసింది. రాత్రి పడుకోబోతూ, "అమ్మా, అమ్మమ్మ ఎవర్నీ ఒంటరిగా గుర్తు పెట్టుకోదు, గమనించావా? వచ్చినవాళ్ళని వచ్చినట్టే ఎవరో ఒకరి పక్కన కూచోబెట్టేస్తుంది. అందుకే ఎవరూ తప్పిపోరు" అంది.

తెల్లారేసరికి ఫోల్డర్లు ఇరవై పోయి రెండు మిగిలాయి. పధ్నాలుగు వందల దాపుల్లో నూటయాభై దాకా ఉంచి తక్కినవన్నీ తుడిచేసింది. ఆ తరవాత ప్రతి కాయితం అడుగునా ఒక వరస చేర్చింది: 'ఎవరి తాలూకు?' ఆ వరస నింపకుండా ఏ కాయితాన్నీ లోపల పెట్టకూడదని నియమం. ఊరికే పేరు రాస్తే చాలదు, చుట్టరికం ఏమిటో కూడా తన మాటల్లో చెప్పాలి. 'అరుగు' తాలూకు 'ఎండ' అని రాస్తే ఒప్పుకోదు. 'సాయంత్రం వీధివైపు నీడ పడుతుంది కనక ఆడవాళ్ళు అరుగు మీదికి ఆ వేళకి వస్తారు' అని రాయాలి. అలా రాయాలంటే అరుగు మీద ఒక సాయంత్రం కూచోక తప్పదు. ఫోటో తీసుకుని పారిపోతే కుదరదు.

ఇదేదో మా ఇంట్లోనే పుట్టిన తెలివి అనుకోకండి. నిక్లాస్ లూమన్ అని జర్మనీలో ఒక సామాజిక శాస్త్రవేత్త ఉండేవారు. 1998లో పోయారు. ఆయన ఆలోచనలన్నీ చిన్న చిన్న చీటీల మీద రాసి, ప్రతి చీటీకీ ఒక నంబరిచ్చి, ఏ చీటీ ఏ చీటీకి చుట్టమో ఆ నంబర్లతోనే రాసుకుని చెక్క సొరుగుల్లో పెట్టుకున్నారు. సుమారు 90,000 చీటీలు! యాభైకి పైగా పుస్తకాలు రాశారు. నేను మూడు నవలలకే మేనత్తల్ని బతికిస్తున్నాను, ఆయన ఎవర్నీ బతికించిన దాఖలాలు లేవు.

మా అమ్మాయికి ఆయన కంటే క్రిస్టొఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్టు అంటే అభిమానం. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు గుజరాత్‌లో ఒక పల్లెకొచ్చి ఉన్నాడట. 1964లో వేసిన పుస్తకం చివర, ఆరువందల మంది ఉండే ఒక భారతీయ గ్రామానికి ఏమేం కావాలో 141 అంశాలు రాసి, ఏది దేనితో ముడిపడిందో లెక్క కట్టి చూపించాడు. పశువుల పాక ఎక్కడుండాలన్నది నుయ్యి ఎక్కడుంది, దారి ఎటుంది అన్నదాన్ని బట్టి కదా? మన పెద్దవాళ్ళని అడిగితే నవ్వేస్తారు, ఆ మాత్రం తెలీదా అని. తరవాత 1977లో ఆయనా, ఆయన స్నేహితులూ కలిసి ఇంకో పెద్ద పుస్తకం తెచ్చారు. ఊరు దగ్గర్నించి కిటికీ పక్కన కూచునే చోటు దాకా 253 అంశాలు. ప్రతి దానిలోనూ దానికి పైనున్న పెద్దలెవరు, కిందున్న పిల్లలెవరు అని చుట్టరికం రాసి ఉంటుంది. ఆ పుస్తకం ఇళ్ళు కట్టేవాళ్ళకంటే కంప్యూటరు వాళ్ళకి ఎక్కువ నచ్చింది. వార్డ్ కన్నింగ్‌హాం అనే ఆయన అదే పద్ధతిలో తమవాళ్ళ అనుభవాలు రాసుకుందుకు 1995లో ఒక చోటు కట్టి, దానికి 'వికీ' అని పేరు పెట్టాడు. అంటే, రాసిన మాటల్లోంచి గుమ్మాలు తెరుచుకునే ఈ విద్యలో ఒక పాయ ఆర్కిటెక్చర్‌లోంచే వెళ్ళిందన్నమాట. ఇప్పుడు మళ్ళీ ఒక ఆర్కిటెక్చర్ పిల్ల చేతికి తిరిగొచ్చింది.

ఆ వేసవిలో అసలు పని పడింది. మా అన్నయ్య మండువా ఇల్లు విప్పేసి, అక్కడే కొత్తిల్లు కట్టాలని నిశ్చయించాడు. తప్పని అనను. వాసాలు పుచ్చాయి, పెంకు జారిపోతోంది, నేసేవాళ్ళు దొరకడం లేదు. వయసు మీద పడ్డ అమ్మ ఒక్కతీ అందులో ఉంటుంటే మాకెవరికీ నిద్ర పట్టేది కాదు. అయినా ఆ మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చింది నీళ్ళలో పోయిన నా ఆరు పుస్తకాలే. ఇల్లు పోతుంది. ఇంటి గురించి రాసుకున్నది ముందే పోయింది.

"పదిహేను రోజులు ఆగమను మావయ్యని" అంది మా అమ్మాయి. టేపూ కంప్యూటరూ తీసుకుని అమ్మమ్మ దగ్గర కూచుంది.

నాలుగు వైపులా గదులు, మధ్యన ఆకాశం, నాలుగు వాలు కప్పులూ లోపలికే వంగి వాననీళ్ళని మండువాలోకి దించే ఇల్లది. పిల్ల కొలిచేది, అమ్మ చెప్పేది. స్తంభం చుట్టుకొలత పిల్ల రాసుకుంటుంటే, ఆ స్తంభానికి ఆనుకుని కూచునే మా తాతయ్య ఎప్పుడెప్పుడు ఏమేం అన్నాడో అమ్మ చెప్పేది. పిల్ల రెండూ రాసుకునేది. చెప్పింది ఎవరు, ఏ రోజు చెప్పారు అన్నది కూడా.

ఇక్కడ మన తెలుగు చిన్న చిక్కు తెచ్చిపెట్టింది. 'నుయ్యి' అని వెతికితే 'నూతిగట్టు' అని రాసిన కాయితం దొరకదు. అమ్మ 'నుయ్యి' అంటుంది, అన్నయ్య 'బావి' అంటాడు, కాలేజీ వాళ్ళకి 'వెల్'. కంప్యూటరుకి నలుగురూ నలుగురే. అప్పుడు పిల్ల ఒక్కొక్క కాయితానికీ మారుపేర్లు కూడా రాసుకుంది. దానికి వీలుందట. బళ్ళో ఒక పేరు, ఇంట్లో ముద్దుపేరు, అమ్మమ్మ పిలిచే పేరు. ఎలా పిలిచినా పలికేది ఒక్కటే పిల్ల.

అమ్మకి తారీకులు రావు. అన్నీ 'ఉప్పెనకి ముందు', 'ఉప్పెన తరవాత'. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన. సముద్రం ఊళ్ళ మీదికొచ్చి వేలమంది పోయారు. మా ఊరిదాకా సముద్రం రాలేదు గానీ, గాలీ వానా ఊపిరాడనివ్వలేదట. ఆ రాత్రి గురించి అమ్మ చెప్పింది చెప్పినట్టే పిల్ల రాసుకుంది. అందుకని 1977 అనే కాయితం అడుగున అలెగ్జాండరూ, మా తాతయ్యా పక్కపక్కన కనిపిస్తారు. పరిచయం చేసింది మా అమ్మే.

నోట్సంతా మూడు చోట్ల దాచింది: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడిగా హార్డ్ డిస్కులో, ఒకటి ఇంటర్నెట్టులో. మూడు ప్రతులు, రెండు రకాల చోట్లు, అందులో ఒకటి ఇంటికి దూరంగా. ఇదీ పద్ధతి. కిందటేడు మా ట్రంకు పెట్టె విషయంలో ఈ పద్ధతి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుండేది!

జ్యేష్ఠ మాసంలో ఇల్లు విప్పేశారు. అమ్మని మా ఇంటికి తీసుకొచ్చాం. వచ్చిన నెలలోనే జ్వరంతో ఆస్పత్రిలో పదిరోజులుంది. ఇంటికొచ్చాక మనిషి కోలుకుంది గానీ జ్ఞాపకం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. కొన్ని పూటలు బాగానే ఉంటుంది. కొన్ని పూటలు అర్ధరాత్రి లేచి గోడలు తడుముకుంటూ పెరటి గుమ్మం కోసం వెతుకుతుంది. ఏ పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టుకున్నారో చెప్పే మనిషి!

శ్రావణంలో అన్నయ్య ఫోన్ చేశాడు. కొత్తింటికి పునాదులు లేచాయి, చుట్టూ మెరక వేశారు. రెండు రోజులు వాన పడేసరికి నీళ్ళు కదలకుండా పునాదుల్లో నిలిచాయి. మేస్త్రీ వీధివైపుకి కాలవ తవ్వించాడు. అందులోంచి నీళ్ళు బయటికి పోవడం మాని తిరిగి లోపలికే వస్తున్నాయట.

"పాతింట్లో ఇన్నేళ్ళలో ఒక్కరోజు నీళ్ళు నిలవలేదే. తూము ఎటు పోయేదో అమ్మనడుగు" అన్నాడు.

అడిగాను. అమ్మ నావైపు ఎంతసేపో చూసి, "ఏ తూము?" అంది.

నా గొంతులో ఏదో అడ్డం పడింది. మా అమ్మాయి కంప్యూటరు తెరిచి 'నీళ్ళు' అని వెతికింది. నూటపన్నెండు చోట్ల నీళ్ళున్నాయి. అలా లాభం లేదని, 'వాన' కాయితం తెరిచింది. వాన తాలూకు 'మండువా'. ఎందుకంటే నాలుగు కప్పుల వానా అందులోకే దిగుతుంది. మండువా తాలూకు 'ఉప్పెన రాత్రి'. ఎందుకంటే ఆ రాత్రి మండువాలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఆ కాయితంలో అమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి:

"తూము అప్పుడు వీధివైపే ఉండేదే అమ్మడూ. మనది కాలవ గట్టు ఊరాయె. కాలవ నిండితే నీళ్ళు ఎదురొచ్చేవి. ఆ రాత్రి మీ ముత్తాత గడ్డపార తీసుకుని పెరటి గోడ అడుగున కన్నం కొట్టాడు. అరగంటలో మండువా ఖాళీ. పంట కాలవ మిట్టన పోతుంది, మురుగు కాలవ పల్లాన పోతుంది, మన వీధి మిట్ట, మన పెరడు పల్లం అన్నాడు. అప్పట్నించీ తూము పెరటివైపే."

నిజమే కదా! పంట కాలవని ఎప్పుడూ మిట్ట మీదుగానే తీస్తారు, రెండు వైపులా చేలలోకి నీళ్ళు తమంతట తామే దిగాలి కనక. వాడుకున్న నీరూ వాన నీరూ పోయే మురుగు కాలవ పల్లంలో ఉంటుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పట్నించీ డెల్టా బతుకుతున్నది ఈ లెక్క మీదే. రెండు తరాలు ఆ కాలవ గట్టునే పెరిగి, ఆ నీళ్ళే తాగి, నాకూ అన్నయ్యకీ ఈ సంగతి పట్టలేదు. వీధివైపే రోడ్డుంది కనక నీళ్ళూ అటే పోతాయనుకున్నాం. మేస్త్రీని అని ఏం లాభం?

పెరటివైపు తవ్వించారు. సాయంత్రానికి నీళ్ళు దిగిపోయాయని ఫోను వచ్చింది.

పిల్ల ఆ కాయితం చదువుతున్నంతసేపూ అమ్మ తల పక్కకి వాల్చి శ్రద్ధగా విన్నది. అయిపోయాక, "ఎవరే చెప్పింది? బాగా తెలిసినావిడే" అంది.

"నువ్వే చెప్పావు అమ్మమ్మా, వైశాఖంలో."

"నేనా! బాగానే చెప్పానే" అని నవ్వింది.

నేను వంటింట్లోకి వెళ్ళి స్టవ్ మీద ఏమీ లేకపోయినా గరిటె తిప్పుతూ నించున్నాను.

ఇన్నేళ్ళూ నేను చేసింది దాచుకోవడం. దాచినదాని దగ్గరికి తిరిగి వెళ్ళే దారి మాత్రం వేసుకోలేదు. ఏ మాటనీ 'నువ్వెవరి తాలూకు' అని అడగలేదు. నీళ్ళలో పోయినందుకు ఏడ్చాను గానీ, ఆ పుస్తకాలు పొడిగా ఉన్న పదకొండేళ్ళలోనూ నాకు పెద్దగా దొరికింది లేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నా కంప్యూటరులో కూడా ఆ నల్లరాయి పెట్టమని మా అమ్మాయినడిగాను. "ఫోల్డర్లకి రంగులేయమంటావా?" అంది, తల్లిని దెప్పే అవకాశం వస్తే వదులుతుందా? వద్దన్నాను. ఇప్పటికి నలభై ఒక్క కాయితాలు రాశాను. రోజుకొకటి, అదీ అమ్మ మంచిగా ఉన్న పూట ఆవిడ పక్కన కూచుని రాస్తున్నాను.

మొన్న అమ్మకి మంచి పూట కాదు. మా అమ్మాయి కాలేజీ నించొచ్చి కాళ్ళు కడుక్కుని అమ్మమ్మ మంచం మీద కూచుంది. అమ్మ కాస్త వెనక్కి జరిగి, చీర కొంగు సవరించుకుని, కొత్తవాళ్ళని పలకరించే గొంతుతో, "ఎవరి తాలూకమ్మా మీరు?" అంది.

మనవరాలిని 'మీరు' అంది. నాకు చేతిలో కాఫీ గ్లాసు ఒణికింది. పిల్ల మాత్రం తొణకలేదు.

"చల్లపల్లి వైపండీ. కాలవ గట్టు మీద మండువా ఇల్లుండేది. పెరటివైపు తూము" అంది.

అమ్మ కళ్ళు చిన్నవి చేసింది. "ఉప్పెన రాత్రి మా మామగారు కొట్టిన తూమా?"

"అదేనండి. ఆ ఇంట్లో ఓ పిల్ల ఉండేది, ఎప్పుడూ ఏదో రాసుకుంటూ, ఏదీ గుర్తుండేది కాదు..."

"మా అమ్మాయే!" అంది అమ్మ.

"ఆవిడ కూతుర్నండి."

అమ్మ దాని మొహంకేసి ఒక నిమిషం చూసింది. తరవాత చెయ్యెత్తి నెత్తిన ఒక్కటి మొట్టి, "ఆ మాట ముందే చెప్పొచ్చు కదుటే అమ్మడూ, అండీ గిండీ ఏమిటి నీ మొహం! కాఫీ తాగావా?" అంది.